అర్ధరాత్రి ఫోను ఎవరెత్తుతారు?

ఒక్క ఇనప్పెట్టెలో పది పదిహేను సర్వర్లను విడివిడిగా నడిపించే ఏర్పాటుకు వర్చువలైజేషన్ అని పేరు. ఆస్పత్రిలో ఓపీ చీటీ, ల్యాబ్ రిపోర్టు, కాలేజీలో హాజరు, ఇంటర్నల్ మార్కులు అన్నీ దాని మీదే నడుస్తున్నా, సర్వర్ గది తాళం దగ్గరున్నవాడికి తప్ప దాని సంగతి ఎవరికీ పట్టదు. ఏ కంపెనీది పెట్టాలన్న ప్రశ్న కూడా చాలాకాలం లేదు. వీఎంవేర్ అంటే సరిపోయేది. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొనేశాక ప్రశ్న లేచింది. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరిలో ఒకరు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి కంప్యూటర్లు చూసే కుర్రాడు. రెండో ఆయన విజయనగరం వైపు ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్ గదిలోనే తల నెరిసిన మనిషి. ఇద్దరినీ ఊళ్ల పేర్లతోనే పిలుద్దాం.

విజయనగరం: ముందు లెక్క చూడండి బాబూ. మీ దగ్గర మూడు సర్వర్లు. ఒక్కోదానికి రెండు ప్రాసెసర్లు, ప్రాసెసర్‌కు ఎనిమిది కోర్లు. మొత్తం 48. బ్రాడ్‌కామ్ రూలు ప్రకారం ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్ల డబ్బు కట్టాలి. అంటే 96. ఉన్నవి 48, బిల్లు 96కి. అదీ ఒక్కసారి కాదు, సబ్‌స్క్రిప్షన్ ఉన్నన్నాళ్లూ. ఒకసారి కొంటే ఎప్పటికీ మనదయ్యే లైసెన్సు అమ్మకం 2023 డిసెంబర్‌లోనే ఆపేశారు. మనలాంటి చిన్నవాళ్ల కోసం మూడు సర్వర్లకు సరిపడా ఎసెన్షియల్స్ అని ఒక కిట్ ఉండేది, అదీ ఎత్తేశారు. సొంతిల్లు కొనుక్కున్నవాణ్ణి పిలిచి రేపట్నుంచి అద్దె కట్టమంటే ఏటనాలి?

శ్రీకాకుళం: లెక్క తప్పని అనను మాస్టారూ. ఇల్లు మాట మాత్రం కొంచెం సరిచెయ్యాలి. పాత లైసెన్సు చెల్లదని వాళ్లు అనలేదు. ఉండొచ్చు. కప్పు కారితే మేస్త్రీని మాత్రం పంపరు, అంతే. ఇక అసలు సంగతి. మా ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఒప్పందంలో ఒక లైను రాసుకుంది: వీఎంవేర్ గానీ మైక్రోసాఫ్ట్ హైపర్-వీ గానీ అయితేనే సపోర్టు. రేపు మీరు వాడే ఉచిత ప్లాట్‌ఫాం ప్రాక్స్‌మాక్స్ మీద డేటాబేస్ నెమ్మదించిందనుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే. అక్కడితో ఫోను పెట్టేస్తారు. నేను కోర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కింద ఓపీ దగ్గర క్యూ మెట్ల మీదకొస్తుంది.

విజయనగరం: ఆ లైను రాసిన కుర్రాడు ప్రాక్స్‌మాక్స్ పేరు విని ఉండడు, అందుకు రాశాడు. దాని లోపల సర్వర్లను విడగొట్టే పని చేసే హైపర్‌వైజర్ కేవీఎం. 2007 ఫిబ్రవరిలో లైనక్స్ 2.6.20 కెర్నల్‌లో చేరింది. ఇజ్రాయెల్‌లో కుమ్రానెట్ అనే చిన్న కంపెనీలో పుడితే, 2008లో రెడ్‌హ్యాట్ ఆ కంపెనీనే కొనేసింది. 2006లో జెన్ అనే మరో హైపర్‌వైజర్ మీద మొదలైన అమెజాన్ క్లౌడ్ 2017లో నైట్రో పేరుతో కేవీఎం వైపు వచ్చింది. గూగుల్ క్లౌడ్ నడిచేదీ కేవీఎం మీదే. 2025 అక్టోబర్‌లో విశాఖలో 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ అని గూగుల్ ప్రకటిస్తే మన రెండు జిల్లాల్లో స్వీట్లు పంచుకున్నారు. ఆ గూగుల్‌కు పనికొచ్చింది మీ ఓపీ చీటీలకు పనికిరాదంటారా?

శ్రీకాకుళం: గూగుల్ దగ్గర కేవీఎంలో తప్పు దొరికితే దాన్ని దిద్దే మనుషులు వాళ్ల జీతం మీదే ఉన్నారు. మా దగ్గర నేనూ, ఇంకో కుర్రాడూ. వాడి చెయ్యి నైట్ డ్యూటీలో ప్రింటర్‌లో చిక్కిన కాగితం లాగుతుంటుంది. వాడికి హైదరాబాద్‌లో ఆఫర్ వస్తే నేనొక్కణ్ణే. గూగుల్ వాడే సరుకే నేనూ వాడుతున్నానంటే గూగుల్‌కున్న బలగం నాకు వచ్చేసిందని కాదు కదా. ప్రాక్స్‌మాక్స్ కంపెనీ ఉన్నది వియన్నాలో. డబ్బు కట్టి ప్రీమియం సపోర్టు తీసుకున్నా వాళ్లు పలికేది ఆస్ట్రియా పనిరోజుల్లో, ఆస్ట్రియా ఆఫీసు వేళల్లో. వాళ్లు ఆఫీసు తలుపు తీసేసరికి మనకు భోజనాల వేళ. మనకు తెల్లవారుజామున మూడింటికి సర్వర్ పడిపోతే వాళ్ల ఊళ్లోనూ రాత్రే.

విజయనగరం: అది నిజం. కాదనను. రాత్రీ పగలూ చూసే భాగస్వామి కంపెనీలు ఉన్నాయి గానీ అవీ మన బస్టాండు పక్కన ఉండవు. అయితే కుర్రాడు వెళ్లిపోతాడన్నారే, వీఎంవేర్ నేర్చుకున్నవాడు మాత్రం ఉండిపోతాడా? అమీర్‌పేటలో కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు ఇంకా ముందే రైలెక్కుతాడు. ఇద్దరూ ఒకే రైల్లో పోతారు, బోగీలే వేరు.

ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరూ కాసేపు వాదన మరిచిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస గురించి ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. తాపీమేస్త్రీలు పోతారు, చేపలు పట్టేవాళ్లు గుజరాత్ రేవులకు పోతారు, సర్వర్ గదిలో చెయ్యి తిరిగినవాడూ పోతాడు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, రాజాంలో, టెక్కలిలో, విజయనగరంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా బ్యాచ్‌లు వస్తూనే ఉంటాయి. అయినా జిల్లా ఆస్పత్రి పక్క సందులో రాత్రి పదకొండుకు పిలిస్తే వచ్చే సర్వర్ మనిషి కావాలంటే ఫోన్లో నంబర్లు వెతుక్కోవాల్సిందే. ప్లాట్‌ఫాం ఎంపిక మీద వచ్చే పోలిక పట్టికల్లో ఈ గడి ఉండదు.

శ్రీకాకుళం: సరే, మనుషుల సంగతి పక్కన పెట్టి సరుకు గురించే మాట్లాడదాం. మా దగ్గర స్టోరేజ్ వేరే పెట్టె. మూడు సర్వర్లూ దాన్నే పంచుకుంటాయి. వీఎంవేర్‌కు దానికోసం వీఎంఎఫ్ఎస్ అని సొంత ఫైల్ సిస్టమ్ ఉంది. మూడు సర్వర్లూ ఒకేసారి రాసినా ఏటీ కాదు, స్నాప్‌షాట్ కావాలంటే తీసుకుంటాం. అప్‌డేట్ చేసే ముందు ఒక స్నాప్‌షాట్, తేడా వస్తే వెనక్కి. ఇది ఇరవై ఏళ్లుగా అలవాటైన పని. మీ దాంట్లో అదే పెట్టె మీద మామూలు లైనక్స్ ఎల్‌వీఎం పెడితే స్నాప్‌షాటే ఉండేది కాదు. 2025 ఆగస్టులో తొమ్మిదో వెర్షన్ వచ్చాక గానీ రాలేదు. అదీ ఇంకా పరీక్షలో ఉన్న సౌకర్యం అని వాళ్లే రాసుకున్నారు.

విజయనగరం: మీరు సరిగ్గా పట్టుకున్నారు. అదొక్కటే మమ్మల్ని రెండేళ్లు ఆపింది కూడా. ఉమ్మడి స్టోరేజ్ పెట్టె మీద లక్షలు పోసి ఉన్నవాడు ప్రాక్స్‌మాక్స్‌కు వస్తే ఆ పెట్టె సగం తెలివి పోయినట్టుంటుంది. మా దారి వేరు. చివరికి ఆ పెట్టెనే వదిలేశాం. ప్రతి సర్వర్‌లో డిస్కులు పెట్టుకుని సెఫ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపేశాం. ఒక సర్వర్ పోయినా డేటా మిగతా రెండింట్లో ఉంటుంది.

శ్రీకాకుళం: ఆ దారిలో గుంటలు కూడా చెప్పండి మరి.

విజయనగరం: చెప్తాను, దాచేదేటుంది. సెఫ్‌కు కనీసం మూడు సర్వర్లు కావాలి. మధ్యలో పది గిగాబిట్ నెట్‌వర్క్ లేకపోతే ఎడ్లబండి మీద కొబ్బరి లోడు వేసినట్టే. బజార్లో దొరికే మామూలు ఎస్ఎస్‌డీలు పెడితే కొన్ని నెలల్లోనే అరిగిపోతాయి. కరెంటు పోయినా రాస్తున్నది పోగొట్టుకోని రకం, సర్వర్ల కోసం చేసినవి కొనాలి. మేం మొదటిసారి చవకవి పెట్టాం, తర్వాత రెండోసారి కొన్నాం. లైసెన్సు లేదని మురిసిపోయి డిస్కుల దగ్గర చెల్లించాం.

శ్రీకాకుళం: ఇంకొకటి ఉంది. చాలా చిన్న చోట్ల మూడు సర్వర్లు ఉండవు, రెండే ఉంటాయి. వీఎంవేర్‌లో రెండింటితో హెచ్‌ఏ నడుస్తుంది. ఒకటి పడితే దాని మీది వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను, రెండోది లేపుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో రెండు పెట్టి ఒకటి పోతే, మిగిలినది తన చేతులు తనే కట్టేసుకుని కూర్చుంటుంది.

విజయనగరం: కూర్చోవాలి మరి! తగువు తీర్చడానికి ఇద్దరే పెద్దమనుషులుండి చెరోవైపూ మాట్లాడితే తీర్పెలా వస్తుంది? సగం కంటే ఎక్కువ ఓట్లు తన దగ్గర ఉన్నాయని తేలకుండా లేచి నడిచిందంటే, రెండు సర్వర్లూ ఒకే రోగి రికార్డును రెండు రకాలుగా రాసేస్తాయి. అది పడిపోవడం కంటే ప్రమాదం. మూడో ఓటు కోసం మూలనున్న పాత డెస్క్‌టాప్ చాలు, క్యూడివైస్ అంటారు. కాకపోతే ఆ మాట ముందే తెలిసి ఉండాలి. తెలియనివాడికి అర్ధరాత్రి తెలుస్తుంది.

శ్రీకాకుళం: నేననేదీ అదే కదా. వీఎంవేర్ వాడు ముందే ఆలోచించి పెట్టినవి చాలా ఉన్నాయి. వాటికి నేను డబ్బు కడుతున్నాను. మీరు వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకుంటున్నారు. నేర్చుకునే తీరిక కాలేజీకి ఉంది, సెలవులుంటాయి. ఆస్పత్రికి సంక్రాంతి సెలవు కూడా లేదు. పోనీ మారదామని కూర్చుంటే ఎన్ని పీటముళ్లో చూడండి. 2024లో ప్రాక్స్‌మాక్స్ వాళ్లు వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ నుంచి నేరుగా వీఎంను లాక్కునే విజార్డ్ తెచ్చారు, బాగుంది. కానీ విండోస్ వీఎంలో విర్ట్ఐఓ డ్రైవర్లు ముందే ఎక్కించకుండా డిస్కును విర్ట్ఐఓకు మారిస్తే అది బూటే కాదు. లేచినా నెట్‌వర్క్ కార్డు కొత్తదని అనుకుని పాత ఐపీ వదిలేస్తుంది. ల్యాబ్ మెషీన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మ్యాక్ అడ్రస్‌కు కట్టి ఉంటుంది. ఇంకొకదానికి యూఎస్‌బీ డాంగిల్. 2012లో వేసిన విండోస్ సర్వర్ ఒకటుంది, దాన్ని పెట్టిన కంపెనీయే ఇప్పుడు లేదు. దాన్ని కదపమంటే నాకు కాళ్లు వణుకుతాయి.

విజయనగరం: ఆ పాత సర్వర్‌ను వీఎంవేర్ మీద ఉంచినా వణకాల్సిందే. దాని జబ్బు అడుగునున్న ప్లాట్‌ఫాం వల్ల వచ్చింది కాదు. మిగతావన్నీ నిజమే, ఒక్కో వీఎంకు ఒక ఆదివారం పడుతుంది. పది వీఎంలు, పది ఆదివారాలు. ఆ తర్వాత మీ రెన్యూవల్ కొటేషన్‌కు జవాబు చెప్పే బలం మీ చేతికొస్తుంది. ఇప్పుడు లేదు. బ్రిటన్‌లో టెస్కో లాంటి మహా దుకాణమే 2025లో బ్రాడ్‌కామ్ మీద కోర్టుకెక్కింది. ఎప్పటికీ మావే అని కొన్న లైసెన్సులకు సపోర్టు ఇవ్వడం లేదని. అమెరికాలో ఏటీ అండ్ టీ 2024లో దావా వేసి తర్వాత రాజీ పడింది. వాళ్లతోనే అలా ఉంటే మన కొటేషన్ ఏ డ్రాయర్లో పడి ఉంటుందో.

శ్రీకాకుళం: టెస్కో కథను నేను తిరగేసి చదువుతాను. అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉన్న కంపెనీ కూడా రాత్రికి రాత్రి మారలేక కోర్టుకెళ్లింది. మారడం తేలికైతే ఆ లాయర్ల ఫీజు దేనికి? ఇంకో మాట. మీరు మాట తప్పిందెవరని అడిగితే ఒక్క బ్రాడ్‌కామ్‌నే చూపిస్తారు. సెంట్ఓఎస్ 8 అనే ఉచిత లైనక్స్‌కు 2029 దాకా అప్‌డేట్లన్నారు. 2020 డిసెంబర్‌లో మాట మార్చి 2021 చివరికే ముగించారు. చేసింది రెడ్‌హ్యాట్, మీ పక్షం మనిషే. అదే రెడ్‌హ్యాట్ తన వర్చువలైజేషన్ సరుకు ఆర్‌హెచ్‌వీని పక్కన పెట్టి ఓపెన్‌షిఫ్ట్ వైపు రమ్మంటోంది. దాన్ని నమ్మి కట్టుకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

విజయనగరం: దెబ్బ తగిలింది. మా కాలేజీలో సెంట్ఓఎస్ మెషీన్లు చాలానే ఉండేవి, ఆ డిసెంబర్‌లో నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పకూడదు. కానీ ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి కదా. కోడ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి 2021లోనే ఆల్మా లైనక్స్ వచ్చింది, రాకీ లైనక్స్ వచ్చింది. మేం చిన్న స్క్రిప్టు నడిపి మారిపోయాం, రూపాయి ఖర్చు లేదు. జెన్ విషయంలో కూడా అంతే. సిట్రిక్స్ తన జెన్‌సర్వర్ ఉచిత ఎడిషన్‌లో సౌకర్యాలు కోసేస్తే 2018లో ఫ్రాన్స్ వాళ్లు ఎక్స్‌సీపీ-ఎన్జీ లేపారు. రేపు వియన్నా వాళ్లు బుద్ధి మార్చుకున్నా ప్రాక్స్‌మాక్స్ కోడ్ ఏజీపీఎల్ లైసెన్సు కింద ఉంది, ఇంకొకరు ఎత్తుకుంటారు. ఈఎస్ఎక్స్ఐకి అలాంటి వారసుడు పుట్టే దారుందా? ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. ఆపడమైనా ఇవ్వడమైనా వాళ్ల ఇష్టమే.

శ్రీకాకుళం: హైపర్-వీ మాట మీరెత్తరేం?

విజయనగరం: మీరెత్తుతారని చూస్తున్నాను. మీ పది వీఎంలలో ఎనిమిదో తొమ్మిదో విండోస్ అయితే మీరు మొదట చూడాల్సింది అదే. విండోస్ సర్వర్ లైసెన్సు ఎలాగూ కొంటున్నారు, హైపర్-వీ దాంతోనే వస్తుంది. స్టాండర్డ్ లైసెన్సుతో రెండు విండోస్ వీఎంలు, డేటాసెంటర్ లైసెన్సయితే ఎన్నయినా. మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒప్పందంలో దాని పేరు కూడా ఉందన్నారు.

శ్రీకాకుళం: ఉంది. అయినా మనసు రాదు. నెలకోసారి విండోస్ అప్‌డేట్ వస్తే హోస్టునే రీస్టార్ట్ చెయ్యాలి. ఉచితంగా ఇచ్చే హైపర్-వీ సర్వర్‌ను 2019 వెర్షన్‌తోనే ఆపేశారు. అంటే వీళ్లదీ బ్రాడ్‌కామ్ దారేనేమోనని అనుమానం.

ఇద్దరికీ నచ్చనిది దొరికితే దాని గురించి ఎక్కువ మాట్లాడుకోకపోవడం సహజం. నిజానికి విండోస్ మీదే బతికే చిన్న ఆస్పత్రికి హైపర్-వీ వాదన వీళ్లిద్దరూ ఇచ్చినంత కంటే బలమైనది. దానికి ఇక్కడ లేనిది దాని తరఫున మాట్లాడే మనిషి మాత్రమే.

విజయనగరం: భద్రత దగ్గరికి రండి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అని ఒక రాన్సమ్‌వేర్ ప్రపంచంలో వేల సర్వర్లను తాళం వేసేసింది. మామూలుగా ఒక కంప్యూటర్ పోతే ఒక కంప్యూటరే. ఇక్కడ అడుగునున్న హోస్టు చిక్కితే దాని మీద ఉన్న వీఎంలన్నీ ఒక్కసారే పోతాయి. కట్టెల మోపు తాడు కోసినట్టు.

శ్రీకాకుళం: దాడి ఏ కన్నంలోంచి వచ్చిందో దానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది మాస్టారూ. రెండేళ్లు వెయ్యనివాళ్లు దెబ్బతిన్నారు. ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవాళ్లు దెబ్బతిన్నారు. ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీని బయటికి తెరిచి పెట్టినా అంతే జరుగుతుంది. దాని మీద దొంగల కన్ను ఇంకా పెద్దగా పడలేదంటే అది గట్టిదని కాదు, చిన్నదని.

విజయనగరం: ఒప్పుకున్నాను. కానీ ఇప్పుడు సపోర్టు కాంట్రాక్టు లేనివాడికి మామూలు అప్‌డేట్లు రావు. అతి ప్రమాదమైన లోపాలకు మాత్రం ఇస్తామన్నారు. ఏది అతి ప్రమాదమో తేల్చేది కూడా వాళ్లే. లైసెన్సు ధర పెరిగి ప్యాచ్ మానేసిన సర్వర్లు మన జిల్లాల్లో ఎన్ని ఉంటాయో ఊహించండి.

శ్రీకాకుళం: ఊహించనక్కర్లేదు, మాకే రెన్యూవల్ దగ్గర పడింది. అందుకే కదా ఈ తగువు. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2022 నవంబర్ 23న రాన్సమ్‌వేర్ పడితే దాదాపు రెండు వారాలు చీటీలు చేత్తో రాశారు. దేశంలోకెల్లా పెద్ద ఆస్పత్రుల్లో ఒకటి. అది చదివిన రోజు నుంచి నాకు హైపర్‌వైజర్ పేరు మీద కంటే బ్యాకప్ మీద భయం ఎక్కువ. మీ సంగతి చెప్పండి, మీ బ్యాకప్ ఎక్కడుంది?

విజయనగరం: ఇప్పుడైతే వేరే భవనంలో ఉంది. ఒకప్పుడు... పరీక్షల సర్వర్ బ్యాకప్ రోజూ రాత్రి రెండింటికి చక్కగా అయ్యేది. పచ్చ టిక్కు వచ్చేది. ఆ బ్యాకప్ కూర్చున్నది అదే సర్వర్‌లో, అవే డిస్కుల మీద. కంట్రోలర్ కాలిపోయిన రోజు టిక్కులు కూడా వాటితోపాటు పోయాయి. మార్కుల రిజిస్టర్లు ఇంకా కాగితం మీద ఉన్నాయి కాబట్టి బతికాం. వారం రోజులు లెక్చరర్లు నా గది ముందు కూర్చుని మళ్లీ ఎక్కించారు. వీఎంవేర్ ఉంటే అలా జరిగేది కాదని చెప్పలేను. నా బుద్ధి అదే అయితే దాని మీదా అదే చేసేవాణ్ణి.

శ్రీకాకుళం: ఇక ఇంటర్నెట్ తీగ సంగతి. ఇదంతా ఎందుకు, క్లౌడ్‌కు పొండి అని మా మేనేజ్‌మెంట్‌లో ఒకాయన ప్రతి మీటింగులో అంటారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి. మన ఫైబర్‌నెట్ తీగ వెళ్లేదీ ఆ స్తంభాల మీదుగానే. స్తంభం పడిందంటే కరెంటూ పోతుంది, క్లౌడూ పోతుంది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వచ్చే మనిషి మాత్రం తుపాను రోజున కూడా వస్తాడు. అతని రికార్డు ఈ గోడల మధ్యే ఉండాలి. జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపూ నడవాలి.

విజయనగరం: ఆ మాటకు నేను సంతకం పెడతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు మాకు ఫోన్లు లేవు, కరెంటు లేదు, రోడ్డు మీద చెట్లు. అప్పుడు మా సర్వర్ ఏఎంసీ విశాఖ కంపెనీదే. నాలుగు గంటల్లో ఇంజనీర్ వస్తాడని కాగితంలో ఉంది. ఆ వారం విశాఖలో ఎవరి ఇల్లు వాళ్లకు కనపడితే చాలన్నట్టుంది, ఇంజనీర్ ఎక్కణ్ణుంచి వస్తాడు? మీరు కట్టే సపోర్టు డబ్బు కూడా అలాంటి రోజున తీగ అవతలే ఉండిపోతుంది. నా దగ్గరైతే సర్వర్ తడిసినా డిస్కులు తీసుకుని ల్యాబ్‌లో ఏ పెట్టెలోనైనా పెట్టి లేపుతాను. లైనక్స్ దేని మీదైనా లేస్తుంది. ఈఎస్ఎక్స్ఐకి ఫలానా నెట్‌వర్క్ కార్డే ఉండాలి, ఫలానా కంట్రోలరే ఉండాలి. 2020లో ఏడో వెర్షన్ వచ్చినప్పుడు పాత డ్రైవర్లన్నీ తీసేశారు. ల్యాబ్ డెస్క్‌టాప్‌లో ఉండే కార్డును అది గుర్తే పట్టదు.

శ్రీకాకుళం: ‘లేపుతాను’ అన్నారు. ఎవరు లేపుతారు? మీరు. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో ఉన్న మీరు. మీరు రిటైరయ్యాక?

విజయనగరం: ...

శ్రీకాకుళం: నొప్పించాలని కాదు మాస్టారూ. మీ ప్రాక్స్‌మాక్స్ నడుస్తున్నది మీ తలలో ఉన్నదాని మీద. సెఫ్ ఎలా కట్టారో, బ్యాకప్ ఎలా వెనక్కి తేవాలో ఎక్కడైనా రాసి పెట్టారా? వీఎంవేర్ తెలిసిన మనిషి పేపర్లో ప్రకటన వేస్తే దొరుకుతాడు. మీ తల తెలిసిన మనిషి దొరకడు.

విజయనగరం: సగం రాశాను. మిగతా సగం రాయలేదు. ఎందుకు రాయలేదంటే... ఆ గదిలో నేను తప్పనిసరి అన్న తృప్తి కొంత ఉండేదేమో. పైగా సబ్‌స్క్రిప్షన్ కూడా తీసుకోలేదు. లాగిన్ అయిన ప్రతిసారీ లేదని ఒక డబ్బా వచ్చి గుర్తుచేస్తుంది, నొక్కి మూసేస్తాను. మూడు సర్వర్లకు, సాకెట్ లెక్కన, మీరు కట్టేదాంట్లో చిన్న వంతు. అదైనా కట్టి ఉండాల్సింది. ఉచితం అన్న మాట మేనేజ్‌మెంట్‌కు ఒకసారి చెప్పాక మళ్లీ డబ్బు అడగడానికి నోరు రాలేదు.

శ్రీకాకుళం: మా దగ్గర తిరగేసి ఉంది. లక్షలు కడుతున్నాం కాబట్టి అంతా చూసుకుంటారని మేనేజ్‌మెంట్ ధీమా. బ్యాకప్‌ను వెనక్కి తెచ్చి లేపి చూడటానికి ఒక ఖాళీ సర్వర్ కొనండంటే, అంత డబ్బు కట్టాక ఇంకా ఇదేటి అంటారు. నిజం చెప్పాలంటే మా డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి పూర్తిగా లేపి చూసి పద్నాలుగు నెలలైంది.

విజయనగరం: పద్నాలుగా!

శ్రీకాకుళం: మీరు?

విజయనగరం: ఈ సెమిస్టర్లో చూళ్లేదు.

శ్రీకాకుళం: అయితే ఒకటి చేస్తాను. పాత సర్వర్ ఒకటి మూలన పడి ఉంది, కొత్త ఈఎస్ఎక్స్ఐ దాని మీద ఎక్కదు. దాని మీద ప్రాక్స్‌మాక్స్ వేసి బ్యాకప్‌లు అక్కడ లేపి చూస్తాను. మారతానని కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ లైను మార్చేదాకా ఓపీ, బిల్లింగ్ వీఎంవేర్ మీదనుంచి కదపను. ఇంకో ఏడాది కడతాం.

విజయనగరం: కట్టండి. ఆ ఏడాదిలో అందరి ఎదుటా కొటేషన్ పక్కన రెండో కాగితం పెట్టండి, అది చాలు. నేను ఆ మిగతా సగం రాస్తాను. రాసి మా జూనియర్ చేతికిచ్చి ఒక శనివారం గది బయట కూర్చుంటాను, వాడు నన్ను పిలవకుండా క్లస్టర్ లేపాలి. అంతమాత్రాన నేను వీఎంవేర్ కొంటాననుకోకండి.

శ్రీకాకుళం: నేను అమ్మడం లేదు కదా.

తగువు ఇక్కడ తెగలేదు. ఒకరికి ఫోనెత్తేవాడు ఉన్నాడు, గది దాకా వచ్చేవాడు లేడు. ఇంకొకరికి గదిలోనే మనిషి ఉన్నాడు, ఆయన తర్వాత ఎవరో తెలియదు. రెండు చోట్లా మిగిలింది తేదీలే. వీఎంవేర్ సరుకైన వీస్పియర్ 7కు సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 2న అయిపోయింది. ఆస్పత్రిలో నడుస్తున్న వీస్పియర్ 8కు 2027 అక్టోబర్ 11న అయిపోతుంది. తిత్లీ తీరం దాటిన తొమ్మిదేళ్లకు, అదే రోజున.